ఒకే నీళ్లు, ఒకే మట్టి: నూరువరహాలు మాత్రం ఎందుకు పాలిపోతోంది?

ప్రశ్న: మేము నిజాంపేటలో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉంటాం. తూర్పు వైపు బాల్కనీ ఉంది. రెండేళ్ల క్రితం ట్రాలీ ఆటోలో మొక్కలు అమ్మే అతని దగ్గర రెండు నూరువరహాల మొక్కలు కొన్నాను. ఒకటి ఎరుపు, ఒకటి నారింజ రంగు, రెండూ ఇక్సోరాయే అన్నాడు. రెండింటికీ ఒకే మట్టి, ఒకే సైజు కుండీ, ఒకే బోరు నీళ్లు. నారింజ రంగుది ఏపుగా పెరిగి ఏడాదంతా పూస్తోంది. ఎరుపు దానికి కొత్త ఆకులు పసుపుగా వస్తున్నాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటున్నాయి. పూలు దాదాపు ఆగిపోయాయి. వానాకాలంలో కాస్త తేరుకుంటుంది, సంక్రాంతి దాటాక మళ్లీ మొదలవుతుంది. ఎప్సమ్ సాల్ట్ వేశాను, డీఏపీ వేశాను, గుడ్డు పెంకుల పొడి వేశాను. ఎవరో చెబితే ఇనుప మేకులు కూడా గుచ్చాను. నీళ్లు వృథా చేయడం ఇష్టం లేక ఆర్వో ఫిల్టర్ నుంచి బయటికి పోయే నీళ్లు కూడా పట్టి పోస్తున్నాను. మా అత్తయ్యది కాకినాడ. వాళ్ల పెరట్లో ఏ సేవా లేకుండానే విరగబూసేదట. పూజకు ఆ ఎర్ర పూలే కావాలంటారు. పక్క ఫ్లాట్ ఆంటీ ఇది అశోకమనీ, కషాయం కాచుకోవచ్చనీ అంటున్నారు. మూడేళ్ల మా పాప కాయలు నోట్లో పెట్టుకుంటుందేమోనని టెన్షన్. ఇంతకీ ఇది ఏ మొక్క? ఎలా బాగవుతుంది? ఫొటోలు పంపుతున్నాను.
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉందండీ. ఒకే మట్టి, ఒకే నీళ్లు అయినా ఒకటి బాగుండి ఇంకొకటి పాలిపోతోందంటే ఆ రెండూ ఒకే మొక్క కాకపోవచ్చని అనుమానించాలి. ఫొటోలు చూశాక ఆ అనుమానం తీరిపోయింది. ఎరుపుది నిజమైన నూరువరహాలు, అంటే ఇక్సోరా. నారింజ రంగుది ఇక్సోరా కాదు, హమేలియా. రెండూ కాఫీ కుటుంబానికి చెందినవే కాబట్టి దూరపు చుట్టాలు. కానీ నీళ్ల విషయంలో వాటి స్వభావాలు పూర్తిగా వేరు. మీ ఎర్ర మొక్కకు వచ్చింది తెగులు కాదు, ఇనుము లోపం. దానికి కారణం మీ బోరు నీళ్లు. ఎన్ని మందులు వేసినా, నీళ్లు మార్చకపోతే ఈ మొక్క తేరుకోదు.

ముందు గుర్తుపట్టడం గురించి చెబుతాను. ఇది తెలిస్తే రేపు నర్సరీకి వెళ్లినప్పుడు ఎవరూ మీకు ఒకటి చెప్పి ఇంకొకటి ఇవ్వలేరు. పువ్వు లేని మొక్కనైనా కణుపు దగ్గర చూస్తే తెలిసిపోతుంది. ఇక్సోరాకు ప్రతి కణుపు దగ్గర రెండే ఆకులు, ఎదురెదురుగా ఉంటాయి. ఆకు దళసరిగా, తోలులా, నున్నగా మెరుస్తూ ఉంటుంది. ఆ రెండు ఆకుల మొదళ్ల మధ్య, కాడను అంటిపెట్టుకుని ఒక చిన్న మొనదేలిన పొలుసు కనిపిస్తుంది. గోరుతో తాకితే తెలుస్తుంది. కాఫీ కుటుంబపు మొక్కలన్నిటికీ ఇది ముఖ్యమైన గుర్తు. హమేలియాకు కణుపు దగ్గర సాధారణంగా మూడు ఆకులు చుట్టూ అమరి ఉంటాయి, ఒక్కోసారి నాలుగు కూడా. మీ రెండో ఫొటోలో మూడు ఆకులు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆకు పలచగా ఉంటుంది. తొడిమ, లేత కొమ్మ ఎర్రటి ఛాయలో ఉంటాయి.

పువ్వు వచ్చాక ఇంకా తేలిక. ఇక్సోరా పువ్వుకు సన్నని పొడవాటి గొట్టం, దాని చివర విచ్చుకున్న నాలుగు రేకులు. అలాంటి పూలు పదుల సంఖ్యలో ఒకే గుత్తిలో బంతిలా కూడుకుని ఉంటాయి. మొగ్గ చివర మెలితిరిగి సూదిలా ఉంటుంది. హమేలియా పువ్వు గొట్టంలాగే ఉండిపోతుంది, రేకులు విచ్చుకోవు. మూతి దగ్గర ఐదు చిన్న పళ్లలాంటి అంచులు మాత్రం కనిపిస్తాయి. గుత్తి కూడా వదులుగా, కొమ్మల్లా చీలి ఉంటుంది. తేనెపిట్టలు దాని చుట్టూనే తిరుగుతుంటే ఆశ్చర్యపోకండి, ఆ గొట్టాల్లో తేనె సమృద్ధిగా ఉంటుంది. మన రోడ్ల డివైడర్ల మీద నారింజ రంగు పూలతో గుబురుగా కనిపించే మొక్కల్లో చాలావరకు ఈ హమేలియాయే.

ఇంకో రెండు మొక్కలతో కూడా ఇక్సోరాను పొరబడుతుంటారు. ఒకటి పెంటాస్. గుత్తి అచ్చం ఇక్సోరాలాగే ఉంటుంది కానీ పువ్వుకు ఐదు రేకులు, ఆకు మెత్తగా నూగుతో ఉంటుంది. రెండోది ఎర్ర పూల జట్రోఫా. దానికీ ఐదు రేకులే. ఆకులు ఎదురెదురుగా కాక ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, కాడ తుంచితే పసరు కారుతుంది. దీని గింజలు విషపూరితం కాబట్టి మీ ఇంట్లో పాప ఉన్నంతవరకు దాన్ని తేకండి.

అసలు ఇక్సోరాల్లోనే రకాలున్నాయి. నర్సరీలో అడిగేటప్పుడు తెలిసి ఉండాలి. మన దక్షిణ భారతానికీ శ్రీలంకకూ సొంతమైన ఇక్సోరా కాక్సీనియాకు ఆకు తొడిమ దాదాపు ఉండదు. ఆకు మొదలు గుండ్రంగా వచ్చి కొమ్మను పట్టుకున్నట్టుంటుంది. పూరేకుల చివర్లు మొనదేలి ఉంటాయి. చైనా వైపు నుంచి వచ్చిన ఇక్సోరా చైనెన్సిస్‌కు పొట్టి తొడిమ ఉంటుంది, ఆకు మొదలు సన్నబడుతుంది, రేకుల చివర్లు గుండ్రంగా ఉంటాయి. బాల్కనీల కోసం అమ్మే చిన్న ఆకుల మరుగుజ్జు రకాలు మోకాలెత్తు దాటకుండా గుబురుగా పెరుగుతాయి. మీది మొదటి రకం. అత్తయ్యగారు కాకినాడలో చూసిందీ బహుశా ఇదే. దాన్ని కాపాడుకోవడం మంచిది.

అశోకం సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. అశోకం చెట్టు, పొద కాదు. దాని ఆకు ఒక ఈనెకు అటూ ఇటూ జతలుగా చిన్నాకులు పేర్చినట్టు, వేలాడుతూ ఉంటుంది. పూలు నారింజ ఎరుపు గుత్తులే, చూపుకు ఇక్సోరాను తలపిస్తాయి కూడా. అయితే వాటి నుంచి పొడవాటి కేసరాలు బయటికి చొచ్చుకుని వస్తాయి. ఆంటీగారు ఆ గుత్తి చూసి అనుకుని ఉంటారు. మీ కుండీలో ఉన్నది అశోకం కాదు కాబట్టి దానితో అశోకం పేరు చెప్పి కషాయం కాయకండి. వైద్యానికి వాడే మొక్క ఏదైనా, తెలిసినవాళ్లు చూసి నిర్ధారించకుండా కడుపులోకి తీసుకోవద్దు.

ఇప్పుడు ఆకు పసుపు గురించి. మొక్కకు ఏం తక్కువైందో తెలుసుకోవాలంటే, పసుపు ముందు ఏ ఆకుల్లో వచ్చిందో చూడాలి. ఇనుము ఒకసారి ఆకులో చేరాక అక్కడి నుంచి కదలదు. అందుకే మట్టి నుంచి సరఫరా ఆగితే దెబ్బ కొత్త చిగుళ్లకే తగులుతుంది. ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపెక్కుతుంది, ముదిరితే ఆకు తెల్లగా పాలిపోయి అంచులు మాడుతాయి. మెగ్నీషియం అలా కాదు. అది పాత ఆకుల నుంచి కొత్త ఆకులకు తరలిపోగలదు, అందువల్ల ఆ లోపం కింది ముదురు ఆకుల్లో మొదలవుతుంది. కింది ఆకులు ఈనెలతో సహా ఒకే తీరుగా పసుపెక్కితే నత్రజని చాలడం లేదని. పాత ఆకుల మీద ఊదా గోధుమ రంగు మచ్చలు పడితే పొటాషియం తక్కువైందని చూడాలి, ఇక్సోరాలో ఇది మామూలే. డిసెంబరు, జనవరి చలికి ఆకులు కాస్త రాగి రంగులోకి మారితే మాత్రం కంగారు పడకండి, ఎండలు వచ్చాక అదే పోతుంది. మీ ఫొటోలో కింది ఆకులు చక్కగా పచ్చగా ఉన్నాయి, పైన రెండు మూడు జతలే పసుపు. అది ఇనుము లోపమే. మీరు వేసిన ఎప్సమ్ సాల్ట్‌లో ఉన్నది మెగ్నీషియం, అందుకే అది పని చేయలేదు.

అయితే మట్టిలో ఇనుము లేదా? పుష్కలంగా ఉంది. హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైటు రాళ్లు చివికి ఏర్పడిన ఎర్రమట్టికి ఆ ఎరుపు వచ్చిందే ఇనుము వల్ల. మీ కుండీ నిండా ఇనుమున్నా మొక్క తీసుకోలేకపోతోంది, ఎందుకంటే అది నీటిలో కరగని రూపంలో ఉంది. మట్టి పీహెచ్ 7 కంటే తక్కువగా, అంటే కాస్త పులుపు వైపు ఉంటేనే ఇనుము కరిగి వేళ్లకు అందుతుంది. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే ఫెర్రిక్ రూపంలో కరిగి ఉండే ఇనుము సుమారు వెయ్యో వంతుకు పడిపోతుంది. ఇక్సోరాకు నచ్చేది 5 నుంచి 6 దాకా, 6.5 అయినా సర్దుకుంటుంది. ఈ మొక్క కేరళలో ఇంటింటా, గుడి గుడినా కనిపిస్తుంది. అక్కడ పుల్లటి లేటరైటు నేల, ఏటా దాదాపు 3000 మిల్లీమీటర్ల వాన. మన నగరానికి వచ్చేది సుమారు 800 మిల్లీమీటర్లు, అదీ ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే.

మిగతా ఎనిమిది నెలలూ మన కుండీలకు దిక్కు బోరు నీళ్లు. ఇక్కడ వాటిని ఉప్పు నీళ్లు అనే అంటారు. బకెట్ అంచున, షవర్ రంధ్రాల్లో, గీజర్ లోపల పేరుకునే తెల్లటి పొర మీరు చూసే ఉంటారు. అది కాల్షియం కార్బొనేట్, సున్నపురాయిలో ఉండే పదార్థమే. నీళ్లలో కరిగి ఉన్న బైకార్బొనేట్లు మట్టి పీహెచ్‌ను మెల్లగా పైకి తోస్తాయి. నీళ్లు పోసిన ప్రతిసారీ కుండీలో కాస్త సున్నం చేరుతున్నట్టే లెక్క. వానాకాలంలో మొక్క తేరుకుంటుందని, సంక్రాంతి తర్వాత మళ్లీ పాలిపోతుందని మీరు రాశారు చూడండి, అది చాలా మంచి పరిశీలన. వాన నీటిలో సున్నం ఉండదు, పైగా కుండీలో ఉన్నదాన్ని కొంత కడిగేస్తుంది. వానలు ఆగాక బోరు నీళ్లు మళ్లీ పేర్చుతాయి. హమేలియా అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాల మొక్క, ఫ్లోరిడాలో సున్నపురాయి నేలల మీద కూడా సహజంగా పెరుగుతుంది. అందుకే మీ బాల్కనీలో దానికి ఏ ఇబ్బందీ రాలేదు. అత్తయ్యగారి పెరట్లో మొక్క నేలలో ఉంది, వేళ్లు కావలసినంత దూరం పోయాయి, కాకినాడకు వాన కూడా మనకంటే ఎక్కువ. మీరు సేవ తక్కువ చేశారని అనుకోకండి. ఇరవై లీటర్ల కుండీలో పరిస్థితి వేరు.

మీరు చేసిన వాటిలో వెంటనే ఆపాల్సింది ఆర్వో ఫిల్టర్ నీళ్లు. నీళ్లు వృథా కాకూడదన్న మీ ఆలోచన మంచిదే. కానీ ఆ మిషన్ మంచి నీటిని ఒకవైపు తీసి, లవణాలన్నీ ఇంకోవైపు నీటిలోకి తోస్తుంది. మీరు పట్టి పోస్తున్నది మామూలు బోరు నీళ్ల కంటే ఉప్పు ఎక్కువైన నీళ్లు. వాటిని బాత్‌రూమ్ కడగడానికి, ఇల్లు తుడవడానికి వాడండి. ఏ కుండీకీ వద్దు. గుడ్డు పెంకు కూడా కాల్షియం కార్బొనేటే. కట్టెల బూడిద వేయమని ఎవరైనా చెబితే అదీ వద్దు, అది పీహెచ్‌ను ఇంకా పెంచుతుంది. డీఏపీలో భాస్వరం ఎక్కువ. భాస్వరం ఎక్కువైతే ఇనుము మరీ అందకుండా పోతుంది. మేకులు తుప్పు పడతాయి, తుప్పు అంటే మట్టిలో ఇప్పటికే ఉన్న కరగని ఇనుమే. తీసేయండి, పాప చేతికి గుచ్చుకునే ప్రమాదం కూడా ఉంది. గుమ్మం ముందు వేసే సున్నపు ముగ్గును నీళ్లతో కడిగినప్పుడు ఆ నీళ్లు కుండీల వైపు రాకుండా చూసుకోండి.

మరి ఏ నీళ్లు పోయాలి? మీరున్న చోట ఈ రోజుల్లో తేలిగ్గా దొరికే మంచి నీళ్లు ఏసీవి. గాలిలోని ఆవిరి చల్లబడి నీరైనది కాబట్టి అందులో సున్నం, ఉప్పు ఉండవు. ఎండాకాలంలో బెడ్‌రూమ్ ఏసీ పైపు కింద బకెట్ పెడితే ఒక ఇక్సోరాకు సరిపడా నీళ్లు రోజూ వస్తాయి. బయటి వేడికి బకెట్‌లో నీళ్లు కాగి ఉంటే చల్లారాకే పోయండి. నల్లా నీళ్లు వచ్చే రోజుల్లో ఒక డ్రమ్ము నింపి పెట్టుకోండి. కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్లు మామూలుగా బోరు నీళ్లంత కఠినంగా ఉండవు. జూన్ నుంచి వాన నీళ్లు. కుండీని బాల్కనీ అంచుకు జరిపి నేరుగా తడవనివ్వండి, మొదటి రెండు మూడు పెద్ద వానలకు అడుగు రంధ్రం నుంచి నీళ్లు బాగా కారిపోవాలి. ఇవేవీ దొరకని రోజు బోరు నీళ్లే గతి అయితే పది లీటర్ల బకెట్‌లో అర చెంచా నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, కాసేపాగి పీహెచ్ పేపరుతో చూడండి. 6 నుంచి 6.5 మధ్యకు రావాలి. ఇంకా ఎక్కువ చూపిస్తే చిటికెడు చిటికెడు కలుపుతూ వెళ్లండి. పీహెచ్ పేపరు రసాయనాలు అమ్మే దుకాణాల్లో, అక్వేరియం షాపుల్లో దొరుకుతుంది. ఒక్కసారి కొలత తెలిస్తే మీ బోరుకు అదే లెక్క.

ఈ మార్పు ఫలితం చూపడానికి సమయం పడుతుంది. అంతవరకు మొక్క నీరసించకుండా ఆకుల మీదుగా ఇనుము ఇవ్వాలి. ఎరువుల దుకాణంలో అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేట్ అడగండి. రైతులు బత్తాయి, వేరుశనగ పాలిపోతే వాడేది ఇదే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు. ఎండలు మండుతున్న రోజుల్లో అన్నభేదిని 3 గ్రాములకు తగ్గించండి, లేత ఆకులు మాడకుండా. సాయంత్రం పూట ఆకు పైనా కిందా తడిసేలా పిచికారీ చేయాలి. వారానికి ఒకసారి చొప్పున మూడు సార్లు చాలు. కొనేటప్పుడు పొడి లేత ఆకుపచ్చ రంగులో ఉందో లేదో చూడండి, గోధుమ రంగుకు తిరిగినది పాతబడిపోయిందని అర్థం. కలిపిన నీళ్లు ఆ పూటే వాడేయాలి. ఒక జాగ్రత్త: ఇది పడిన చోట టైల్స్ మీద తుప్పు మరకలు పడి వదలవు. కింద పాత ప్లాస్టిక్ షీటు పరచి, గోడకు దూరంగా జరిపి కొట్టండి.

మట్టిలో వేయడానికి చీలేటెడ్ ఐరన్ అని అమ్ముతారు, అంటే కరగని రూపంలోకి మారకుండా ఇంకో పదార్థంతో పట్టి ఉంచిన ఇనుము. ఇక్కడ ప్యాకెట్ వెనకాల తప్పకుండా చదవండి. ఈడీటీఏ అని ఉంటే అది పీహెచ్ 7 దాటిన మట్టిలో నిలవదు. మీ కుండీకి ఈడీడీహెచ్‌ఏ అని రాసి ఉన్నది కావాలి. ముదురు ఎరుపు పొడి, ధర ఎక్కువే, అయినా మన నీళ్లకు పని చేసేది అదే. లీటరు నీటికి ఒక గ్రాము లోపు, ప్యాకెట్ మీది మోతాదు దాటకుండా, తడి మట్టిలో పోయండి. నెలకోసారి, కొత్త ఆకులు పచ్చబడే వరకు. గంధకం పొడి వేయమని కొందరు చెబుతారు. మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మార్చడానికి నెలలు పడుతుంది, ఈలోగా బోరు నీళ్లు దాని పనిని చెరిపేస్తాయి. కాబట్టి దాని మీద ఆధారపడకండి. వాడేసిన కాఫీ పొడి పుల్లగా ఉంటుందని కూడా అంటారు గానీ, డికాక్షన్ తీశాక మిగిలిన పిప్పిలో పులుపు పెద్దగా ఉండదు. కంపోస్టులో కలుపుకోండి.

రెండేళ్లుగా సున్నం చేరిన మట్టి కాబట్టి కుండీ మార్చక తప్పదు. ఈ ఎండల్లో వద్దు, జూన్‌లో వానలు పడి గాలి చల్లబడ్డాక చేయండి. పన్నెండు పద్నాలుగు అంగుళాల కుండీ చాలు. రెండు వంతులు ఎర్రమట్టి, ఒక వంతు ఆకు ఎరువు లేదా బాగా చివికిన పశువుల ఎరువు, ఒక వంతు నీళ్లలో కడిగి పిండిన కొబ్బరి పొట్టు, ఒక గుప్పెడు వేప పిండి. ఎర్రమట్టి ఎక్కడి నుంచి తెచ్చారో అడగండి. కట్టడాలు నడుస్తున్న చోట తవ్విన మట్టిలో సిమెంటు, సున్నం కలిసి ఉంటాయి. ఒక చెంచా మట్టి మీద వెనిగర్ చుక్కలు వేస్తే బుసబుసమని నురగ వస్తే ఆ మట్టి వద్దు. పాత కుండీ నుంచి తీసినప్పుడు వేళ్ల చుట్టూ జిగురు బంకమట్టి ముద్ద కనిపిస్తే ఆశ్చర్యం లేదు. మన నర్సరీలకు చాలా మొక్కలు గోదావరి ఒడ్డున ఉన్న కడియం నుంచి వస్తాయి, అక్కడి ఒండ్రుమట్టి ముద్దతోనే వస్తాయి. ఆ ముద్దలోకి నీళ్లు సరిగా ఇంకవు, గాలి ఆడదు. గాలి ఆడకపోయినా వేళ్లు ఇనుము తీసుకోలేవు. బకెట్ నీళ్లలో కాసేపు నానబెట్టి బయటి పొరను వేళ్లతో మెల్లగా వదిలించండి, మొత్తం విడగొట్టే ప్రయత్నం చేయకండి. వేళ్ల మీద పూసల్లాంటి బుడిపెలు ఉంటే నులిపురుగులు ఉన్నట్టు, అప్పుడు ఆ మట్టిని వేరే మొక్కకు వాడకుండా పారేయండి. కొత్త కుండీలో పైన ఎండుటాకులు రెండు అంగుళాలు పరిస్తే తేమ నిలుస్తుంది.

తర్వాత ఎరువుగా డీఏపీ బదులు అమ్మోనియం సల్ఫేట్ ఇవ్వండి, అది మట్టిని పులుపు వైపు తీసుకెళ్తుంది. మొక్క ఎదుగుతున్న నెలల్లో నెలకు ఒక చిన్న చెంచా, తడి మట్టి మీద అంచుల్లో చల్లి నీళ్లు పోయాలి.

పూల విషయానికి వస్తే, తూర్పు బాల్కనీ దీనికి మంచి చోటు. పొద్దున నాలుగైదు గంటల ఎండ, మధ్యాహ్నం నీడ. ఎండ తక్కువైతే ఆకులే వస్తాయి. టెర్రస్ మీద పెట్టేవాళ్లు ఏప్రిల్, మే నెలల్లో గ్రీన్ షేడ్ నెట్ కట్టుకోవాలి. ఇక్సోరా పూసేది కొత్త కొమ్మ చివరనే. అందుకే గుండ్రంగా రావాలని పది రోజులకోసారి కత్తెరతో పైపైన కొట్టేస్తుంటే పూసే చివర్లన్నీ పోతాయి. అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర కంచెలా కత్తిరించిన ఇక్సోరాలు పూయకపోవడానికి కారణం ఇదే. గుత్తి ఎండాక, దాని కింద ఒక జత ఆకులతో కలిపి తుంచండి. అక్కడ నుంచి రెండు కొమ్మలు వస్తాయి, రెండూ పూస్తాయి. పూజకు కోసేటప్పుడు విడి పూలు తీసుకుంటే గుత్తి నాలుగైదు వారాలు నిలుస్తుంది. ఈ విషయం అత్తయ్యగారికి చెప్పండి.

పురుగుల్లో పిండినల్లి, పేనుబంక, పొలుసు పురుగు వస్తాయి. చీమలు కొమ్మల మీద బారులు తీరితే అవి ఎక్కడో ఉన్నట్టే. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేప నూనె, కొన్ని చుక్కల సబ్బు నీళ్లు కలిపి కొట్టండి. అన్నభేదితో కలిపి ఒకేసారి కొట్టకండి.

పాప గురించి: ఇక్సోరా కాయలు విషం కావు. పండి నల్లబడిన వాటిని పల్లెల్లో పిల్లలు తింటారు కూడా. కానీ మనం ఆకుల మీద మందు కొడుతున్నాం, కాయ చిన్నది, మూడేళ్ల పిల్ల గొంతుకు అడ్డం పడొచ్చు. కాబట్టి కాయలు కట్టకముందే ఎండిన గుత్తులు తుంచేస్తే రెండు పనులూ అయిపోతాయి. హమేలియా కాయలు పక్షులకు వదిలేయండి, పాపకు అందకుండా ఆ కుండీని ఎత్తులో పెట్టండి. అన్నభేది, ఐరన్ ప్యాకెట్లు కూడా పిల్లల చేతికి అందని అల్మారాలో ఉండాలి, ఇనుము మందులు కడుపులోకి పోతే పిల్లలకు చాలా ప్రమాదం. బాల్కనీలో పచ్చ గన్నేరు, ఎర్ర గన్నేరు ఉంటే మాత్రం వాటిని వేరే చోటికి పంపించేయండి. అవి నిజంగా విషపు మొక్కలు.

ఇప్పటికే బాగా పాలిపోయిన ఆకులు పూర్తిగా పచ్చబడకపోవచ్చు, వాటిని చూసి నిరాశపడి మోతాదు పెంచకండి. తుంచేయకండి కూడా, అంతో ఇంతో ఆహారం అవే తయారు చేస్తున్నాయి. నీళ్లు మార్చిన తర్వాత వచ్చే చిగుళ్లనే గమనించండి. వానలు మొదలై కుండీ మార్చాక రెండు జతల కొత్త ఆకులు వచ్చేసరికి వాటి ఫొటో పంపండి. వాటిలో కూడా పసుపు ఉంటే వేళ్లను, మట్టి పీహెచ్‌నూ మళ్లీ చూద్దాం.